పెద్దపల్లి రేవును మారిషసు ద్వీపమును

రేపల్లెకు దక్షిణమున సముద్రపుటొడ్డున నున్న నిజాంపట్టణమును నేడు మనము చేపలరేవుగా మాత్రమే యెఱుగుదుము. తెనాలిలోను బాపట్లలోను చదువుకొన్నవారిని ఆ యూరి చరిత్ర మేమని యడిగినచో రొయ్యల ధర చెప్పగలరు గాని వేఱొకటి చెప్పగలవారరుదు. పదునేడవ శతాబ్దారంభమున ఈ యూరికి పెద్దపల్లి యని పేరు. ఐరోపావారి నాలుకకు ఆ పేరు లొంగక 'పెటపోలి' యైనది. 1606లో ఒలందావారిచ్చట వర్తకశాల నెలకొల్పిరి. 1611లో ఆంగ్లేయుల 'గ్లోబు' నావ వచ్చి ఈ తీరమున సరకు దింపినది. తూర్పుతీరమున ఇంగ్లీషువారు బేరము మొదలుపెట్టిన తొలిరేవు ఇదియే. మద్రాసు కోటకు పునాది పడుట కింకను ముప్పదియేండ్లకు దగ్గఱగా పట్టినది. 1753లో ఉత్తర సర్కారులు పరాసువారి వశమైనపుడు నిజాంపట్టణము కూడ వారి యధికారము క్రిందికి వచ్చినది. 1759లో సలాబతుజంగు దానిని ఆంగ్లేయుల కిచ్చివేసెను.

ఒలందావారు, పరాసువారు, ఆంగ్లేయులు: ఈ వరుసను చదువరులు జ్ఞాపకముంచుకొనవలయును. ఏలయన, మన తీరమునకు వేలకొలది మైళ్ల దూరమున, ఆఫ్రికాఖండమునకు తూర్పుగా హిందూ మహాసముద్రమందున్న మారిషసు ద్వీపమునకు కూడ ఈ మువ్వురును ఈ వరుసనే వచ్చిరి. 1598లో ఒలందావారచ్చట దిగి తమ రాజకుమారుడగు మారిసు పేర దానికి నామకరణము చేసిరి. 1638 మొదలు కాపురముండి, జావానుండి చెఱకును, దుప్పులను తెచ్చి, ఎబొనీ వృక్షములను నఱికి, డోడో యను ఎగురలేని పక్షిని నామరూపములు లేకుండజేసి, 1710లో విడిచిపోయిరి. 1715లో పరాసువారు దానిని గైకొని 'ఈల్ ద ఫ్రాన్సు' అనిరి. 1810 డిసెంబరులో ఆంగ్లేయులు దానిని జయించిరి. ఆ జయించిన దండులో మద్రాసు పటాలములవారుండిరి. మన సిపాయిల కాళ్లు ఆ యిసుకమీద పడిన కాలమునకు మన కూలీలింకను పడవ యెక్కలేదు.

నిజాంపట్టణమునకును మారిషసునకును ఒక్క భేదము గలదు. ఇచ్చట ప్రజలు ముందేయుండిరి. దొరలు వచ్చిరి, పోయిరి. అచ్చట మనుష్యుడే లేడు. ఆ ద్వీపమున నేడు కనబడు ప్రతి ముఖమును, ప్రతి మాటయు, ప్రతి కూరయు ఓడలో వచ్చినదే. కావున అచ్చట 'ఇది మాది, అది పరాయిది' యను వాదమునకు చరిత్రములో తావు లేదు. ఉన్నను జనులు ఆ వాదము చేయక మానరు. ఆ సంగతి ముందు చెప్పెదను.

మొదట మన తీరపు వస్త్రములను గూర్చి చెప్పవలసియున్నది. పెద్దపల్లి పేరు ఐరోపాలో వినబడుటకు కారణము చిరివేరు. సముద్రపుటిసుక నేలలలో పెరుగు ఈ చిన్న మొక్క వేరినుండి తీసిన యెఱ్ఱరంగు ఎన్ని ఉతుకులకును దిగదు. మచిలీపట్టణమున 1622 వఱకు వర్తకుడుగా నుండిన మెథోల్డు అను ఆంగ్లేయుడు దీని గొప్పను వ్రాసియున్నాడు. ఒలందావారికి కావలసినది తూర్పు దీవులలోని జాజికాయ, జాపత్రి, లవంగము. ఆ దీవులవారు వెండినాణెములకంటె మన తీరపు రంగుబట్టలనే మక్కువతో గైకొనుచుండిరి. కావున ఒలందావారికి పెద్దపల్లి, మచిలీపట్టణములు అంగళ్లు కావు, టంకశాలలు. ఇచ్చటి నేతగాని మగ్గము మీద దిగిన గుడ్డయే అచ్చట ధనము.

ఈ మాట మనము గర్వముతో చెప్పుకొనుటయు గలదు. అయితే ఆ ధనముతో కొన్నదేమియో కూడ తెలిసికొనవలయును గదా. జాజికాయ అప్పుడు లోకమంతటిలో బందా దీవులలో మాత్రమే పండుచుండెను. ఆ బేరము తమకు దక్క నితరులకు దక్కరాదని 1621లో ఒలందా సేనాని కూన్ ఆ దీవులమీద పడెను. సుమారు పదునైదువేల జనములో కత్తికి చచ్చినవారు చావగా, ఆకలికి మాడినవారు మాడగా, బతావియాకు చెఱపట్టబడినవారు పోగా, మిగిలినవారు వేయికి మించరందురు. పిమ్మట ఆ తోటలను బానిసలచేత సాగుచేయించిరి. ఆ బానిసలనేక దేశములవారు. కరువుకాలములందు మన చోళమండలతీరమునుండి కూడ ఒలందావారు మనుష్యులను కొని బతావియాకు తీసికొనిపోయిరి. దీవుల సంస్కృతి యొక తియ్యని పాయసమైనట్లు పర్యాటకుల పుస్తకములు వర్ణించును. ఆ పాయసము కాచిన పొయ్యిలో కట్టెలేవియో అవి వ్రాయవు.

మన పండితులు సముద్రయానమును నిషేధించిరి. బౌధాయనుడు దానిని పాతిత్యహేతువులలో చేర్చెను. తరువాతివారు కలివర్జ్యములలో నెక్కించిరి. అయినను రేపల్లెకు చేరువనున్న భట్టిప్రోలు స్తూపమును చూచినవారికి, అమరావతి శైలిలోని బుద్ధవిగ్రహము సెలిబిసు దీవిలో దొరకినదని విన్నవారికి, ఆ నిషేధమును ఎవరెంత పాటించిరో విశదమే. శాస్త్రము తీరమున నిలిచినది. మనుష్యుడు పడవ యెక్కినాడు. ఒక మాట కూడ పడవ యెక్కినది. మన గిడ్డంగి మలయా దేశమున 'గుదంగు' అయి, ఇంగ్లీషువాని నోట 'గోడౌను' అయి, తిరిగి మన రేవులకే వచ్చినదని భాషావేత్తలు చెప్పుదురు. ఇప్పుడు తెనాలి వర్తకుడు గిడ్డంగి యనుట నాగరకము కాదని గోడౌను అనుచున్నాడు.

ఇక కూలీల సంగతి. హిందూ మహాసముద్రపు చెఱకు దీవులకు ఒడంబడికమీద పోయిన తొలి భారతీయులు మారిషసునకు పోయినవారు కారు. 1828లో పరాసువారి యానామునుండి ఒక చిన్న తెలుగు జట్టు బూర్బను దీవికి, అనగా నేటి రెయూనియనుకు పోయినది. ఆంగ్లేయుల రాజ్యములలో బానిసత్వము రద్దగుటతో మారిషసు తోటల యజమానులకు చేతులు కావలసివచ్చెను. 1834 నవంబరు 2వ తేదీన 'అట్లాసు' ఓడ కలకత్తానుండి ముప్పదియాఱుగురితో పోర్టు లూయీ చేరినది. మఱుసటి యేడు ఫిబ్రవరి 1వ తేదీన ఆ ద్వీపమున బానిసత్వము రద్దయినది. 1910 నాటికి వలసలు నిలిచిపోవులోపల నాలుగున్నర లక్షలకు మించిన భారతీయులు ఆ రేవులో దిగిరి. అధికులు భోజపురీ దేశమువారు. మద్రాసు రాజధానినుండి పోయినవారిలో అఱవలు, తెలుగులు గలరు. తెలుగువారు విశేషముగా గంజాము, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతములవారు. కోరంగి రేవు పేరుమీదుగా వారికి 'కొరింగీలు' అని పేరు వచ్చినది.

గుంటూరు సీమవారంతగా పోలేదేమి? ఇందులకు మన గొప్పతనము కారణము కాదు. 1832-33లో వచ్చిన నందన కరువు, మనవారు డొక్కల కరువన్నది, ఈ జిల్లాలోని అయిదులక్షల జనములో రెండులక్షలను పొట్టన పెట్టుకొన్నదని పాత గెజిటీరు వ్రాసినది. అట్లాసు ఓడ బయలుదేరుటకు కొంతకాలము ముందటి మాట యిది. ఆ కరువు మఱి యొకటి రెండు పర్యాయములు వచ్చినచో ఏమగునో ఊహింపుడు. 1855లో బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట కట్టుట పూర్తియై, తెనాలి రేపల్లె తాలూకాల పొలములకు కాలువనీరు వచ్చినది. నీరు రానియెడల నేడు వరిచేల గట్టులమీద నిలబడి 'మావాళ్లు కూలికి దేశాంతరము పోలేదు' అని చెప్పుకొను కుటుంబముల యింటిపేర్లు పోర్టు లూయీ రిజిష్టరులలో నుండెడివి.

ఆ రేవులో దిగినవాని గతి యేమి? 1849లో కట్టిన వలసశాల పదునాఱు రాతిమెట్లెక్కి వాడు లోనికి పోవలయును. అచ్చట వానికొక సంఖ్య యిత్తురు. అయిదేండ్ల యొడంబడిక, నెలకు అయిదు రూపాయల జీతము, బియ్యము, పప్పు. ఒకనాడు పనికి రానిచో రెండునాళ్ల కూలి కోత. ఒడంబడిక తీరినవాడు తోట విడిచి తిరిగినచో దేశదిమ్మరియని చెఱసాల. 1867 చట్టము తరువాత వాడు తన బొమ్మ అతికించిన చీటిని వెంట నుంచుకొనవలసివచ్చెను. ఈ బాధలను 1871లో ప్లెవిట్సు అను తోటదొర వినతిపత్రముగా వ్రాయగా 9,401 మంది కూలీలు దానికి సంతకములు, వ్రేలిముద్రలు పెట్టిరి. విచారణసంఘము వచ్చి 1875లో తన నివేదిక నిచ్చెను. 1901లో గాంధీగారు దక్షిణాఫ్రికానుండి మరలుచు మూడువారములకు దగ్గఱగా ఆ ద్వీపమున నుండిరి. 1907లో మణిలాలు డాక్టరు అను న్యాయవాది అచ్చటికి పోయి కూలీల పక్షమున వాదించెను. కథలో నాకు విశేషముగా తోచునది ఆ తొమ్మిదివేల సంతకములే. బోడి సంఖ్యగా వ్రాయబడినవారు తమ పేరు తాము వ్రాయగోరిన సందర్భమది.

పేర్ల సంగతి వేడుకైనది. ఇంగ్లీషు గుమాస్తా, పరాసు వ్రాత, తెలుగు నోరు ఈ మూడును కలిసినచోట అప్పన్న చివర ఒక హకారము చేరినది. అప్పడు 'అప్పడూ' అయ్యెను. నాయుడు 'నైదూ' అయ్యెను. తండ్రి పేరే పిల్లలకు శాశ్వతముగా ఇంటిపేరైనది. నతాషా అప్పన్న అను నేటి నవలాకర్త్రి పరాసుభాషలో వ్రాయును. 2003లో ఆమె ప్రకటించిన నవల ఈ కూలీల కథయే. పుస్తకపు అట్టమీద సింహాద్రి దేవుని పేరు, లోపల పరాసు వాక్యము. దీనిని చూచి 'అయ్యో, తెలుగు పోయినదే' యని నిట్టూర్చు మిత్రులు నాకు గలరు. వారి జాలిని గూర్చి కొంచెము విచారింపవలసియున్నది.

మన ఆలంకారికులు రెండలంకారములొకచోట కలియుటలో రెండు రీతులున్నవనిరి. నువ్వులు, బియ్యము కలిసినట్లు కలిసి, చూడగానే వేఱువేఱుగా తెలియుట సంసృష్టి. పాలు నీళ్లవలె కలిసి విడదీయరాకుండుట సంకరము. సంకరమను మాట విన్నంతనే మనవారు భగవద్గీత మొదటి యధ్యాయములోని అర్జునునివలె గడగడలాడుదురు గాని, అలంకారశాస్త్రమున అది దోషము కాదు, శోభాహేతువు. మారిషసును గ్రహించుటకు ఈ రెండు మాటలు నాకు ఇంగ్లీషు పుస్తకములకంటె నెక్కువ తోడ్పడినవి.

అచ్చటి పండుగలు సంసృష్టి. మన యుగాదికి దేశమంతటికి సెలవు. అఱవల కావడికి సెలవు. శివరాత్రికి, రంజానుకు, చీనావారి సంవత్సరాదికి, క్రిస్మసుకు సెలవులే. నువ్వుగింజ నువ్వుగింజయే. తెలుగువారు రామభజనము చేయుదురు. నడుమ దీపముంచి దాని చుట్టును తిరుగుచు రాత్రులు పాడుదురు. అక్షరములు రానివారు కీర్తనలను రోమను లిపిలో వ్రాసికొని పాడుదురు. సింహాద్రి అప్పన్నకు పూజలు, అమ్మోరు పండుగ విడువలేదు. అప్పన్న వరాహనరసింహుడు గదా. రూపములు కలిసిన దేవునికి ఆ ద్వీపమున కొలువు తగియేయున్నది.

వంట, వాక్కు సంకరము. ఆ ద్వీపమున ఇంటింట పలుకు క్రియోలు భాష పదునెనిమిదవ శతాబ్దమున బానిసల నోట పుట్టినది. మాటలు పరాసువి, నడక వారిది. దానిని నేడు బానిసల సంతతివారేగాక భోజపురీవారు, తెలుగువారు, చీనావారందఱును మాట్లాడుదురు. ఆకుకూరకు ఆ భాషలో 'బ్రెద్' అని పేరు. అది బుడతకీచుల మాట. మునగాకు 'బ్రెద్ మురూం'. బుడతకీచు మాటకు ద్రావిడపు మాట తోక. కొత్తిమీర 'కొతొమిలి', కరివేపాకు 'కరిపులే', వంకాయ మరల బుడతకీచే. ఎవని తోటనుండి ఏది వచ్చినదో ఆ కూర తినువానికి పట్టలేదు. పాలను నీళ్లను విడదీయు హంస కవిసమయమందే యుండును గాని వంటయింట నుండదు.

మన వంటయిల్లు మాత్రము శుద్ధమా? మిరపకాయ లేని గుంటూరును ఊహింపుడు. అది అమెరికాఖండమునుండి బుడతకీచుల ఓడలలో వచ్చినది. జామ, బొప్పాయి, అనాస, జీడిమామిడి, పొగాకు అదేత్రోవ. బాపట్ల సూర్యలంక యిసుకలలోని జీడితోపులు నన్నయభట్టు ఎఱుగడు. మేజా, బొత్తాము, పీపా, అలమర, మేస్త్రి, పాదిరి: ఇవన్నియు బుడతకీచుల సంతానమే. పెండ్లిలో సంస్కృత మంత్రము, పారసీ షామియానా, బుడతకీచు బల్లమీద అమెరికా మిరపకాయతో వేసిన ఆవకాయ. తమ పట్టణమును 'ఆంధ్రా ప్యారిసు' అని పిలిచికొని మురియు తెనాలివారు, అప్పన్న పేరు చివర పరాసు హకారము చేరినదని బాధపడుట నాకు నవ్వు తెప్పించును.

అయితే తేడా లేదనరాదు. మనకు మిరపకాయ బేరముగా వచ్చినది. వారి మిశ్రమము కొరడాక్రింద కలిసినది. తల్లిభాష పోవుట మిరపకాయ వచ్చుటవంటిది కాదు. మూడు నాలుగు తరములలో తెలుగు మాటలాడు ముసలమ్మలు గతించిరి. నేడు అచ్చటి తెలుగు బడిలో నేర్పబడు భాష, భజనలో పాడబడు భాష. బడిలో ఐచ్ఛికముగా చదువుదురు. 1970లో స్థాపితమైన మహాత్మాగాంధీ సంస్థలో పైచదువులు గలవు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అచ్చటనే జరిగినవి. ఇట్టి సభలలో మనవారు ఆశీర్వదించుచు మాట్లాడుదురు. తెలుగు నాలుగు తరములుగా చుట్టునున్న దేశములో మన పిల్లలు తెలుగు వ్రాయలేకుండుటకును, సముద్రమధ్యమున అయిదవ తరమువాడు రోమను లిపిలో రామకీర్తన వ్రాసికొనుటకును గల తారతమ్యమును ఆ వేదికమీద నెవరును ప్రస్తావింపరు.

గృహిణులగు చదువరులు విశేషముగా గమనింపవలసిన దింకొకటి గలదు. తొలి ఓడలలో స్త్రీలు మిక్కిలి తక్కువ. ప్రభుత్వము పిమ్మట నూర్గురు పురుషులకు ఇందఱు స్త్రీలుండవలెనని నిబంధన పెట్టినది. మనుష్యులను గూర్చి యోచించి కాదు, తోటలు నిలుకడగా సాగవలెనని. ఆ కొఱతలో కులము చూచుకొని పెండ్లి చేసికొనుట సాధ్యము కాలేదు. ఓడలో కలిసి తిన్నవారికి పంక్తిభేదము నిలువలేదు. ఇచ్చట వీరేశలింగము పంతులుగారు 1881లో ఒక వితంతువివాహము చేయించుటకు ఎన్ని తిట్లు తిన్నారో మనకు తెలియును. అచ్చట విధవ మరల పెండ్లాడుటకు సంస్కర్త అక్కఱలేకపోయెను. అట్లని దానిని స్వర్గమనుకొనరాదు. దేవునిముందు జరిగిన పెండ్లి రిజిష్టరులో నెక్కనిచో చట్టముముందు పెండ్లి కాదు. ఆ పిల్లలు అక్రమసంతానముగా వ్రాయబడిరి. మన యాచారము ఆడుదానిని కట్టివేసినది, వారి చట్టము ఆమెను ఊరక విడిచివేసినది. ఏది యెక్కువ దుఃఖమో మగవాడనగు నేను తీర్పు చెప్పజాలను.

మిశ్రమము గలచోట సమత్వము దానంతట వచ్చునను భ్రమ కూడ మనకు వలదు. 1968 మార్చి 12వ తేదీన స్వతంత్రమై, 1992లో గణరాజ్యమైన ఆ దేశమున భారతీయ సంతతివారు రాజ్యాధికారములోనికి వచ్చిరి. బానిసల సంతతివారు చాలవఱకు వెనుకనే యుండిరి. వారి సెగా పాటకు కొత్త బాణీ కట్టి పేరొందిన కయా అను గాయకుడు 1999 ఫిబ్రవరిలో పోలీసు నిర్బంధమున మరణింపగా, అల్లరులు చెలరేగి ద్వీపము కొన్నినాళ్లు మండినది. ఒకే భాష మాటలాడుచు, ఒకే మునగాకు తినుచు ఒకరిండ్లనొకరు తగులబెట్టుకొనిరి. కూలీలు దిగిన మెట్లను 2006లో ప్రపంచవారసత్వముగా గుర్తించిరి. పారిపోయిన బానిసలు దాగిన లె మార్ను కొండకు ఆ గౌరవము 2008లో వచ్చినది. ఒకటి పిదప నొకటి రెండును గుర్తింపబడుట నాకు సంతోషమే. అచ్చటి కొరింగీ సంతతివాడు ఆ కొండను కూడ తనదిగా తలచుచున్నాడా యనునది నేను ఎవరైన మారిషసు తెలుగువారిని చూచినపుడు అడుగగోరు ప్రశ్న.

వలసశాల రిజిష్టరులు నేటికిని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. ప్రతి కూలీకి సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఓడ, జిల్లా, గ్రామము. 1860ల తరువాతివారిలో అనేకులకు ఛాయాచిత్రము కూడ. మనుమల మనుమలు వచ్చి వానిని తిరగవేయించుకొని తమ ముత్తాత ముఖమును చూచుకొనుచున్నారు. చిక్కంతయు గ్రామము పేరువద్ద. పెద్దపల్లిని పెటపోలి చేసిన చెవులే ఆ గ్రామముల పేర్లను వ్రాసినవి. అక్షరములు చూచి ఆ యూరేదో పోల్చవలెనన్నచో, ఆ తాలూకాల పల్లెలను, వాని పాతపేర్లను, పేటలను, పాలెములను ఎఱిగినవారు కావలయును. అట్టివారు పోర్టు లూయీలో లేరు. శ్రీకాకుళము, విజయనగరము, కాకినాడ బడులలో ఉపాధ్యాయులుగా నున్నారు.